బండి దిగి రిజిస్టరు పట్టినవాళ్లు

లేపాక్షి వీరభద్రాలయంలో, సగంలో ఆగిపోయిన కల్యాణ మంటపానికి దగ్గర్లో, ఒక గోడ మీద రెండు ఎర్రటి మరకలున్నాయి. గుడి చూడ్డానికి వచ్చినవాళ్లకు ఊరివాళ్లు వాటిని తప్పక చూపిస్తారు. అవి విరూపణ్ణ కళ్లట. అచ్యుత దేవరాయల కాలంలో, అంటే 1529కీ 1542కీ మధ్య, పెనుకొండలో రాజుగారి ఖజానా చూసిన అధికారి విరూపణ్ణ. సోదరుడు వీరణ్ణతో కలిసి ఈ గుడి కట్టించాడు. ఖజానా సొమ్మును అనుమతి లేకుండా గుడికి ఖర్చు పెట్టాడన్న మాట రాజు చెవిన పడిందనీ, శిక్ష వేసేలోగా విరూపణ్ణే తన కళ్లు పెరికి గోడకు కొట్టాడనీ కథ. చరిత్రకారులు దీన్ని ఐతిహ్యంగానే చెబుతారు. అయినా ఈ సీమలో తరతరాలుగా చెప్పుకుంటున్న కథ ఇది. ఇందులో రాళ్లు మోసినవాణ్ణి గానీ బండి తోలినవాణ్ణి గానీ ఎవరూ నిలదీయలేదు. లెక్క పట్టినవాణ్ణే అడిగారు.

లేపాక్షికి హిందూపురం దాదాపు 15 కిలోమీటర్లు. ఇప్పుడు ఆ ఊళ్లో పొద్దున్నే కొరియర్ హబ్‌ల షట్టర్లు లేస్తాయి. బెంగళూరు వైపు నుంచి రాత్రి వచ్చిన సంచులు విప్పుతారు, స్కాన్ చేస్తారు, వీధులవారీగా పంచి బైకుల మీదకెక్కిస్తారు. కొన్నేళ్లు బైకు నడిపి సందుగొందులన్నీ నోటికొచ్చిన కుర్రాణ్ణి ఏదో ఒక రోజు పిలిచి అడుగుతారు: "సూపర్‌వైజర్‌గా చేస్తావా?" పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీకి ట్రాలీలు తోలేవాళ్లకూ, ధర్మవరం మీదుగా రైళ్లు నడిపేవాళ్లకూ ఒక వయసు వచ్చాక ఇలాంటి ప్రశ్నే ఎదురవుతుంది. ఇంట్లోవాళ్లకు ఇందులో ఆలోచించడానికేముందో అర్థం కాదు. ఎండలో తిరిగే పని పోయి ఫ్యాను కింద కూర్చునే పని వస్తుంటే ఎవరైనా కాదంటారా?

కాదన్నవాళ్లున్నారు. ఒప్పుకుని తర్వాత కోర్టుకెక్కినవాళ్లూ ఉన్నారు. ఎందుకో తెలియాలంటే ఈ మూడూళ్ల మీదుగా సరుకు నడిచిన కథ మొదటి నుంచి చూడాలి.

రైలు రాకముందు ఈ మెట్ట నేలలో సరుకు పెరిక ఎద్దుల మీద, రెండెద్దుల బండ్ల మీద కదిలేది. రాజులదైతే ఏనుగుల మీద. 1565లో రాక్షసి తంగడి యుద్ధంలో ఓడిపోయాక తిరుమల దేవరాయలు హంపీ నుంచి 550 ఏనుగుల మీద నిధులు వేసుకుని పెనుకొండ కోటకు తరలిపోయాడని చరిత్రకారుడు రాబర్ట్ సూయెల్ రాశాడు. సామాన్య సరుకు మోసినవాళ్లలో పేరు పొందినవాళ్లు లంబాడీలు. వందలకొద్దీ ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని సైన్యాల వెంట తిరిగేవాళ్లు. 1791-92లో టిప్పు సుల్తాన్ మీదకు వెళ్లిన కారన్‌వాలిస్ దండుకు తిండిగింజలు చేరవేసిందీ వాళ్లే.

ప్రతి తండాకూ ఒక నాయకుడుండేవాడు. సర్కారుతో బేరం అతనే మాట్లాడేవాడు, తగువులు అతనే తీర్చేవాడు. కానీ నాయకుడయ్యాడని దారి వదల్లేదు. అతని ఎద్దులూ ఆ మందలోనే ఉండేవి. వాగు పొంగినా, దొంగలు పడినా నష్టంలో అతనికీ వాటా ఉండేది. పెత్తనం చేసేవాడూ, సరుకు వెంట నడిచేవాడూ ఒకడే అయిన కాలం అది.

ఈ రెండింటినీ విడదీసింది కుంపిణీ సర్కారు. 1800లో నిజాం దత్తమండలాలను ఆంగ్లేయులకు అప్పగించాక ఈ సీమ మద్రాసు ప్రెసిడెన్సీలో కలిసింది. అప్పటి తపాలా రన్నర్ల మీద నడిచేది. గజ్జెలు కట్టిన ఈటె పట్టుకుని, భుజాన సంచి వేసుకుని కొన్ని మైళ్లు పరుగెత్తి, తర్వాతి రన్నరుకు అప్పగించి రావాలి. వాళ్ల మీద ఓవర్‌సీర్లుండేవాళ్లు. సంచి ఎన్నింటికి చేరింది, ఎక్కడ ఆలస్యమైంది, రన్నరు ఎందుకు రాలేదు అని చూడడం వాళ్ల పని. అంటే మోసేవాడు ఒకడు, మోసినట్టు రాసేవాడు ఇంకొకడు.

ఆ ఉద్యోగం ఇంకా బతికే ఉంది. తపాలా శాఖలో ఇప్పటికీ మెయిల్ ఓవర్‌సీర్లున్నారు. పోస్ట్‌మన్‌గా ఏళ్ల తరబడి ఉత్తరాలు పంచినవాళ్లే ఆ కుర్చీకి వస్తారు. పల్లెల్లోని బ్రాంచి పోస్టాఫీసులకు వెళ్లి నగదు, స్టాంపులు, పొదుపు ఖాతాల పుస్తకాలు సరిచూడాలి. పోస్ట్‌మన్‌గా ఉన్నప్పుడు తన చేతిలోని సంచికి జవాబు చెబితే సరిపోయేది. ఓవర్‌సీర్ అయ్యాక, ఎక్కడో పల్లెలో ఇంకొకరి పెట్టెలో తగ్గిన డబ్బు మీ తనిఖీలో ఎందుకు బయటపడలేదని అడుగుతారు. తిరుగుడు మాత్రం తగ్గదు.

బండి దిగడానికి ఎంత ఖరీదో లెక్క కట్టింది మాత్రం రైల్వేనే.

1890ల మొదట్లో ఇక్కడికి పట్టాలు వచ్చాయి. గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా మైసూరు సరిహద్దు దాకా వేసిన మీటరుగేజి లైనును సదరన్ మరాఠా రైల్వే నడిపింది. ధర్మవరం నుంచి కదిరి మీదుగా పాకాలకు పోయే లైను సౌత్ ఇండియన్ రైల్వేది. అలా పట్టుచీరల ధర్మవరం జంక్షను కూడా అయింది. బెల్లం, చింతపండు, మిరపకాయల మండీలున్న హిందూపురం నుంచి బెంగళూరుకు బండ్లలో రోజులు పట్టే ప్రయాణం గంటల్లోకి దిగింది.

స్టీమింజన్ల కాలంలో పనివాడికి మెట్లు స్పష్టంగా ఉండేవి. ఇంజన్ తుడిచే క్లీనరుగా చేరాలి. తర్వాత బొగ్గు వేసే ఫైర్‌మన్, యార్డులో పెట్టెలు అటూ ఇటూ జరిపే షంటర్, ఆ పైన గూడ్సు డ్రైవరు, ప్యాసింజరు డ్రైవరు, చివరికి మెయిల్ డ్రైవరు. దొరల కాలంలో ఆ చివరి మెట్టు చాలావరకు యూరోపియన్లకూ, ఆంగ్లో ఇండియన్లకూ దక్కేది. మనవాళ్లు గూడ్సు దగ్గరే రిటైరయ్యేవాళ్లు.

ఆ బతుకు ఎలా ఉండేదో చెప్పడానికి కాల్‌బాయ్ ఒక్కడు చాలు. ఫోన్లు లేని రోజుల్లో షెడ్డు నుంచి ఒక మనిషి చేతిలో లాంతరు, చంకలో కాల్ బుక్కు పెట్టుకుని అర్ధరాత్రి రైల్వే క్వార్టర్లలో తిరిగేవాడు. తలుపు కొట్టి, ఫలానా గూడ్సుకు ఫలానా టైముకు రావాలని చెప్పి, నిద్రకళ్లతో లేచిన డ్రైవరు చేత ఆ పుస్తకంలో సంతకం పెట్టించుకునేవాడు. సంతకం పడ్డాక రానంటే కుదరదు. డ్రైవరు తన లైన్ బాక్సు బయటికి తీసేవాడు. ఆ ఇనప పెట్టెలో పనిముట్లు, రూల్ పుస్తకం, మార్చుకునే బట్టలు, బియ్యం, పప్పు అన్నీ ఉండేవి. అవతలి ఊళ్లో రన్నింగ్ రూములో వండుకు తిని, పడుకుని, మళ్లీ వెనక్కి వచ్చే బండి కోసం ఎదురుచూడాలి. ఎప్పుడు ఇల్లు చేరతాడో ఇంట్లోవాళ్లకూ తెలియదు, అతనికీ తెలియదు. 1973 ఆగస్టులో లోకో కార్మికులు సమ్మె చేసి రైల్వే మంత్రి లలిత్ నారాయణ్ మిశ్రాతో పది గంటల డ్యూటీ మీద ఒప్పందం సాధించుకున్నారంటే, అంతకుముందు డ్యూటీ గంటలు మరీ ఎక్కువగా ఉండడమే కారణం. మరుసటి ఏడు మే నెలలో దేశమంతా 20 రోజులు రైళ్లు ఆగిన సమ్మెలోనూ ముందు నిలిచింది వాళ్లే.

ఇంత కష్టం ఉన్న సీటు వదిలి లోకో ఇన్‌స్పెక్టరుగానో, క్రూ కంట్రోలరుగానో రమ్మంటే ఎగిరి గంతేయాలి. కానీ చాలామంది వెనకాడేవాళ్లు. కారణం మైలేజి. డ్రైవరుకు మూల వేతనం కాక నడిపిన ప్రతి కిలోమీటరుకూ రన్నింగ్ అలవెన్సు వస్తుంది. నెలంతా బండి మీదుంటే అది జీతంలో చెప్పుకోదగ్గ భాగం. ఆఫీసు కుర్చీలో కూర్చున్న రోజు నుంచి అది రాదు. హోదా పెరిగి ఆదాయం తగ్గే ప్రొమోషన్ అన్నమాట.

రైల్వే బోర్డు ఈ సంగతి కాదనలేదు. రన్నింగ్ అలవెన్సులో కొంత భాగం తిరుగుడు ఖర్చుల కోసం, కొంత భాగం జీతంతో సమానం అని ఒప్పుకుంది. 1981లో వచ్చిన నిబంధనల్లో మూల వేతనంలో 30 శాతాన్ని ఆ జీతభాగంగా నిర్ణయించింది. డ్రైవరును బండి దించి కుర్చీ పనికి తీసుకుంటే, ఆ 30 శాతం కలిపి జీతం లెక్క కట్టాలి. బండి దిగినందుకు మనిషి ఏం కోల్పోతున్నాడో అంకెల్లో రాసిపెట్టిన పద్ధతి ఇది.

అంత చేసినా చిక్కులు తీరలేదు. 2006 జనవరి నుంచి ఆరో వేతన సంఘం స్కేళ్లు అమలయ్యాక ఒక వింత జరిగింది. అంతకుముందే లోకో ఇన్‌స్పెక్టరైన సీనియరుకు తక్కువ జీతం, ఆ తర్వాత డ్రైవరు సీటు నుంచి అదే పోస్టుకు వచ్చిన జూనియరుకు ఎక్కువ జీతం పడింది. త్వరగా మెట్టెక్కినవాడికే నష్టం. ఆ తేడా సరిచేయమని లోకో ఇన్‌స్పెక్టర్లు దేశంలో చాలాచోట్ల పరిపాలనా ట్రిబ్యునళ్లకు వెళ్లారు.

డబ్బు ఒక ఎత్తు, పూచీ ఒక ఎత్తు. లోకో ఇన్‌స్పెక్టరు కింద కొంతమంది డ్రైవర్లుంటారు. వాళ్లతో బండి ఎక్కి నడిపే తీరు చూడాలి, సలహాలివ్వాలి, అదంతా రాసిపెట్టాలి. వాళ్లలో ఒకడు ఎక్కడో ఎర్ర సిగ్నలు దాటాడంటే విచారణలో ఇన్‌స్పెక్టరు రిజిస్టరు కూడా బల్ల మీదకు వస్తుంది. అతన్ని చివరిసారి ఎప్పుడు చూశారు, ఏం చెప్పారు అని అడుగుతారు. ఇష్టం లేకుండా దిగేవాళ్లూ ఉంటారు. డ్రైవరుకు కంటిచూపు మొదలు అన్నిట్లో కఠినమైన వైద్య పరీక్ష ఉంటుంది. అందులో తప్పితే బండి ఇవ్వరు, నిలకడ పని చూపిస్తారు.

రైలు స్టేషను బయట ఇలాంటి లెక్కలేవీ కాగితం మీద లేవు.

హిందూపురం మండీల్లో మూటలు దించే హమాలీలకు ముఠా మేస్త్రీ ఉంటాడు. 1993లో చిరంజీవి సినిమాతో ఆ పేరు రాష్ట్రమంతా మారుమోగింది గానీ, మార్కెట్ యార్డుల్లో అది పాత ఉద్యోగమే. మేస్త్రీ కూలి రేటు మాట్లాడతాడు, సాయంత్రం పంపకం చేస్తాడు, అవసరమైతే తానూ మూట ఎత్తుతాడు. లారీలు వచ్చాక ఇంకో నిచ్చెన పుట్టింది. క్లీనరుగా ఎక్కాలి, డ్రైవరు కావాలి, ఎలాగోలా ఒక పాత బండి కొనుక్కోవాలి. ఓనరు కాలేనివాడికి మిగిలింది ట్రాన్స్‌పోర్టు ఆఫీసు. బుకింగు చూసుకోవడం, బాడుగ మాట్లాడడం, డ్రైవర్లను పంపడం. అక్కడికి వెళ్లినవాడికి ముందు పోయేది బత్తా. రోడ్డు మీద ఖర్చులకిచ్చే ఆ డబ్బులో పొదుపు చేసుకున్నది లారీ డ్రైవరు ఇంటికి పంపే సొమ్ములో భాగం. దానికి జీతం చీటీలో చోటు లేదు కాబట్టి, కుర్చీ జీతం మాట్లాడేటప్పుడు అది లెక్కలోకే రాదు.

చట్టం లారీ డ్రైవరును కొంతవరకు కాచింది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని హద్దు పెట్టింది. రోడ్డు మీద అది ఎంత అమలైందనేది వేరే సంగతి. అదే డ్రైవరు సూపర్‌వైజర్ అయితే ఇంకో చట్టం గడప దాటతాడు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం కార్మికుడైతే అన్యాయంగా తీసేస్తే లేబర్ కోర్టుకు వెళ్లే వీలుండేది, తీసేసేముందు నోటీసు, నష్టపరిహారం అడిగే వీలుండేది. సూపర్‌వైజర్‌కు మాత్రం జీతం ఒక గీత దాటితే ఆ రక్షణ లేదు. 1956లో ఆ గీత నెలకు 500 రూపాయలు. 1984 నుంచి 1,600. 2010 నుంచి 10,000. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ గీతను 18,000కు పెంచింది.

ఇందులో ఒక చిన్న ఊరట ఉంది. ఆనంద బజార్ పత్రిక కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం పోస్టు పేరు ఏదైనా సరే, ఆ మనిషి ముఖ్యంగా చేస్తున్న పని ఏమిటన్నదే చూడాలి. పేరుకు సూపర్‌వైజర్ అని కార్డు మెడలో వేసి, రోజంతా గుమస్తా పనే చేయించుకుంటే అతను కార్మికుడే. అయితే అది రుజువు చేసుకోవడానికి కోర్టు మెట్లెక్కాలి.

2017లో పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా మోటార్స్‌తో రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం కుదుర్చుకున్నాక ఈ ప్రాంతపు రవాణా స్వరూపమే మారింది. 2019లో సెల్టోస్ కార్లు బయటికొచ్చాయి. ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ అది. 2023 జులైలో పదిలక్షలవ కారు తయారైంది. ఒక్కో కారుకు వేల విడిభాగాలు కావాలి. చుట్టుపక్కల అనుబంధ కంపెనీల నుంచి అవి వేళ తప్పకుండా లైనుకు చేరాలి. తయారైన కార్లు 44వ నంబరు జాతీయ రహదారి మీద ట్రాలీల్లో, పెనుకొండ స్టేషన్ నుంచి గూడ్సు రైళ్లలో వెళ్లాలి. వేరుశనగ చేలున్న ఈ ఊళ్లలో డ్రైవరు, డిస్పాచ్ సూపర్‌వైజర్, యార్డ్ ఇన్‌చార్జ్ అనే ఉద్యోగాలు వందలుగా పుట్టుకొచ్చాయి.

ఇక్కడ సూపర్‌వైజర్ పని చాలావరకు కాగితాల పని. 2018 ఏప్రిల్ నుంచి ఒక రాష్ట్రం దాటే సరుకుకు ఈ-వే బిల్లు తప్పనిసరి. దానికి గడువుంటుంది. 2021 నుంచి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున లెక్క. బండి దారిలో చెడి గడువు దాటితే, పొడిగించాల్సింది ఆఫీసులో ఉన్నవాడు. మరిచిపోతే దారిలో ఆపి జరిమానా వేస్తారు. జీఎస్టీ వచ్చాక 2017లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు కాబట్టి కొడికొండ దగ్గర లారీల బారులు తగ్గాయి. ఆ బరువు గేటు దగ్గర నుంచి సూపర్‌వైజర్ కంప్యూటరు మీదకు మారింది.

గేటు లెక్క ఎంత పెద్ద విషయమో 2025లో ఊరంతా చూసింది. ఐదేళ్లలో దాదాపు 900 ఇంజన్లు మాయమయ్యాయని కియా ఫిర్యాదు చేస్తే పెనుకొండ పోలీసులు కేసు పెట్టి దర్యాప్తు చేశారు. అలాంటి దర్యాప్తులో ముందు తిరగేసేది ఏ బండి ఏ రోజు లోపలికొచ్చింది, ఏం వేసుకుని వెళ్లింది, గేట్ పాస్ మీద ఎవరి సంతకం ఉంది అన్న కాగితాలే.

హిందూపురం, ధర్మవరం వీధుల్లో యాప్‌ల కోసం పార్శిళ్లు, భోజనాలు పంచే కుర్రాళ్ల సంగతి వీళ్లందరికంటే వేరు. వాళ్లకు పార్శిలుకు ఇంత అని ముడుతుంది. బైకు వాళ్లది, పెట్రోలు వాళ్లది, టైరు పంక్చరైతే ఖర్చూ వాళ్లదే. 2020 నాటి సామాజిక భద్రత కోడ్ వాళ్లను గిగ్ వర్కర్లు, ప్లాట్‌ఫామ్ వర్కర్లు అని కొత్తగా పేర్కొంది. వాళ్ల సంక్షేమానికి యాప్ కంపెనీలు ఏడాది టర్నోవరులో 1 నుంచి 2 శాతం ఇవ్వాలంది. సరిహద్దు అవతల కర్ణాటక 2025లో వాళ్ల కోసం సొంత చట్టం చేసుకుంది. నీతి ఆయోగ్ 2022 అంచనాలో దేశంలో 2020-21 నాటికి ఇలాంటివాళ్లు 77 లక్షలు, 2029-30 నాటికి 2.35 కోట్లు. అయితే పాత అర్థంలో వీళ్లు ఉద్యోగులు కారు. జీతం చీటీ లేదు, పీఎఫ్ లేదు.

కాబట్టి వీళ్ల విషయంలో లెక్క తిరగబడుతుంది. రైలు డ్రైవరుకు కుర్చీ ఎక్కితే పోయేది ఎక్కువగా కనిపించేది. డెలివరీ కుర్రాడికి హబ్‌లో టీమ్ లీడర్ పని అంటే బతుకులో మొదటిసారి నెల జీతం, పీఎఫ్ నంబరు, జీతం 21,000 లోపుంటే ఈఎస్ఐ కార్డు. బ్యాంకు వాడు లోను ఇవ్వాలంటే అడిగే కాగితం అదే. పెళ్లిచూపుల్లో అడిగేదీ అదే.

పోయేవీ ఉన్నాయి. పండగ సీజన్లో ఎక్కువ పార్శిళ్లు కొట్టి సంపాదించే వీలు పోతుంది. నచ్చినప్పుడు యాప్ ఆపేసే స్వేచ్ఛ పోతుంది. సాయంత్రం హబ్‌లో క్యాష్ ఆన్ డెలివరీ డబ్బు ఎంచే వేళ అసలు తేడా తెలుస్తుంది. ఒక్కొక్కరూ వచ్చి నోట్లు, చిల్లర బల్ల మీద పెడతారు. ఫోన్‌లో చూపించే మొత్తానికి చేతిలోది సరిపోవాలి. వాపసు వచ్చిన పార్శిళ్లు స్కాన్ కావాలి. ఒకటి కనిపించలేదంటే ఆ రాత్రి ఇంటికి ఆలస్యంగా వెళ్లేది టీమ్ లీడరే. నిన్నటిదాకా పక్కన నిలబడి టీ తాగిన స్నేహితుణ్ణే ఈ రోజు "ఏమబ్బీ, నూటయాభై తక్కువుంది" అని అడగాలి. ఆ షార్టేజీ ఎవరి జీతంలో కోస్తారన్నది చాలాచోట్ల నోటిమాట మీదే నడుస్తుంది.

సూపర్‌వైజర్ ఉద్యోగం మంచిదా కాదా అన్న ప్రశ్నకు ఈ చరిత్ర ఒకే జవాబు ఇవ్వదు. లంబాడీ నాయకుడు దారి వదలకుండా పెత్తనం చేశాడు. రైలు డ్రైవరు పోయేదేమిటో లెక్క చూపించమని యూనియన్ కట్టి అడిగాడు, కొంత రాయించుకున్నాడు. లారీ డ్రైవరుకు ఆ అవకాశం రాలేదు. ఇప్పుడు హిందూపురం హబ్‌లోనో, ఎర్రమంచి యార్డులోనో బండి దిగుతున్న కుర్రాడికి దాన్ని తేవడం పెద్ద పనేం కాదు. ప్రొమోషన్ లెటరులో మూడు సంగతులు రాసిస్తే చాలు: కొత్త జీతం గడచిన ఆరు నెలల సగటు సంపాదన కంటే, బత్తా, ఇన్సెంటివ్ అన్నీ కలుపుకుని, తక్కువ కాకూడదు, తన చేతి మీదుగా పోని సరుకు, డబ్బు తక్కువైతే అతని జీతంలో కోయకూడదు, ఆరు నెలల్లో ఆ పని పొసగకపోతే మళ్లీ బండి ఇవ్వాలి. పిలుపు అందుకున్నవాళ్లు ఈ మూడూ అడగాలి, కంపెనీలు రాసివ్వాలి, కార్మిక శాఖ తనిఖీకి వచ్చినప్పుడు ఆ కాగితం చూపించమనాలి.